ఫారంలో గడి లేని మాట

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. మాది పూలు కట్టే ఇల్లు. కూర్చుంటేనే జరిగే పని. ముప్పై ఏళ్ళుగా మా అమ్మ మునిరత్నమ్మ, చిన్నమ్మ దేవకమ్మ ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని కట్టారు. అక్కచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములిద్దరికి ఇచ్చి చేశారు. తిరుచానూరులో గుడికి రెండు వీధుల అవతల ఇల్లు. వాకిళ్ళు రెండు, వసారా ఒకటే. చిన్నాయన వరదయ్య తిరుపతి మార్కెట్టు నుంచి మోపెడ్ మీద పూల మూటలు తెచ్చేవాడు. వాళ్ళిద్దరూ కట్టేవారు. మా నాయన కుప్పయ్య వాటిని గుడి దగ్గర బండి మీద పెట్టి అమ్మేవాడు. నేను ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మా ఆయన నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తూ వారానికొకసారి వస్తాడు కాబట్టి అమ్మ దగ్గరే ఉంటున్నాను.

ఎన్నికల తేదీ వచ్చిన వారంలోనే ఆ చాప ఖాళీ అయింది.

పార్టీల పేర్లు చెప్పను. చెబితే చదివేవాళ్ళు కూడా మా వసారాలో ఎటో ఒక పక్కకు పోయి కూర్చుంటారు. అమ్మది అప్పుడు అధికారంలో ఉన్న పార్టీ, చిన్నమ్మది ఎదురు పార్టీ అనుకుంటే చాలు. అంతకు ముందు ఎన్నికల్లోనూ అంతే. అప్పుడు వేళాకోళమాడుకుంటూ ఒకే ఆటోలో పోయి ఓటేసి వచ్చారు.

ఆ రోజు నాయనకు జ్వరమొచ్చి బండి దగ్గర అమ్మ నిలబడింది. మైకు పట్టుకుని ఒక యూట్యూబ్ చానెల్ అతను వచ్చాడు. "మళ్ళీ ఎవరొస్తారమ్మా?" అని అడిగాడు. అమ్మకు మాటలు ఎక్కువ, మైకు కనబడితే ఇంకా ఎక్కువ.

"నాకు తెలిసింది నేను సెప్తా ఉండానప్పా. మా ఇంట్లోనే ఒగామెకు మోకాలు ఆపరేషన్ ఊరికే సేయించినారు. పైసా తీసుకోలేదు. ఆమె ఇప్పుడు ఆ పక్కకు ఓటేస్తానంటాది. తిని మరిసిపోయేటోళ్ళని ఏం సేసేది?"

అంతే, అర నిమిషం. "సొంతింటి మనిషినే ఏకిపారేసిన పూలామె" అని పైన పెద్ద అక్షరాలు పెట్టి వదిలాడు. రెండు రోజుల్లో అరవై వేల మంది చూశారు. కింద ఎవరెవరో చిన్నమ్మను అనరాని మాటలన్నారు. ఆమె ఎవరో తెలియకుండానే అన్నారు. చిన్నమ్మ కూతురు కోమలి అప్పుడు ఐదో నెల గర్భిణి, నాయుడుపేటలో అత్తగారింట్లో ఉంది. వాళ్ళ అత్తగారు ఫోను తెచ్చి చూపించి, "ఈమె సెప్పేది మీ అమ్మ గురించేనా?" అని అడిగిందట.

చిన్నమ్మకు మోకాలు ఆపరేషన్ అయినప్పటి నుంచి కింద కూర్చోవడం కష్టం. చాప పక్కనే చిన్న ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. ఆ సాయంత్రం పీట మీద నుంచే అడిగింది.

"నా మోకాలు నీకేమి అడ్డమొచ్చిందక్కా?"

"నేను నీ పేరు సెప్పలేదే" అంది అమ్మ, దారం పంటితో తెంపుతూ.

"మా ఇంట్లోనే అన్నావు. ఈ ఇంట్లో మోకాలు కోయించుకున్నోళ్ళు ఎంతమంది ఉండారు?"

"అబద్ధమైతే సెప్పు."

చిన్నమ్మ లేచి పీట చంకలో పెట్టుకుని వసారా ఆ చివరకు పోయింది. తెల్లారేసరికి ఆమె వైపు మిద్దె మీద జెండా ఎగురుతోంది. మధ్యాహ్నానికి అమ్మ మా తలుపు మీద స్టిక్కరు అంటించింది. చిన్నాయన తెచ్చిన పూల మూటను వసారా మధ్యలో విప్పి రెండు కుప్పలు చేసి, ఎటు చూడాలో తెలియక మోపెడ్ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మగవాళ్ళిద్దరికీ ఏ గొడవా లేదు. ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరిగి, వీధి చివర టీ అంగట్లో పక్కపక్కనే కూర్చునేవారు. నేను ఒకసారి చూసేశాను. నాయన గ్లాసు దించి, "మీ అమ్మకు సెప్పొద్దు పాపా" అన్నాడు.

బడికి సెలవులిచ్చారు. సెలవుల్లో మాకు జీతముండదు. తెలిసిన టీచరు ఒకామె, సర్వే పనికి మనుషులు కావాలంటున్నారని చెబితే పోయాను. తిరుపతిలో ఒక లాడ్జి హాల్లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. మా సూపర్‌వైజరు గిరిప్రసాద్, మదనపల్లె వైపు మనిషి. ఎవరు గెలుస్తారని అడిగే సర్వే కాదని మొదటే చెప్పాడు. ఎనిమిది విషయాలు. ఒక్కో విషయానికి రెండు ప్రశ్నలు. మీరేమంటారు? అవతలి పార్టీవాళ్ళు ఏమంటారని మీరనుకుంటున్నారు?

"జనం నిజంగానే రెండుగా చీలిపోయారా, లేక చీలిపోయామని అనుకుంటున్నారా అన్నది తెలుసుకోవాలని మా పెద్దవాళ్ళ ఆశ" అన్నాడు. "రేపు వచ్చేలోపల ఇంట్లో ఇద్దరి మీద ప్రాక్టీసు చేసి రండి. అవి లెక్కలోకి రావు."

కాగితపు ఫారాలు రెండు ఇచ్చాడు. ఇంట్లో నాకు ఎదురుగా కనబడింది ఆ ఇద్దరే.

అమ్మ పూలు కడుతూనే జవాబులు చెప్పింది. ఊరి మధ్యలో సారా అంగడి ఉండొచ్చా? వద్దు. వేరే మతం వాళ్ళకు ఇల్లు అద్దెకిస్తారా? "మన మిద్దె మీద ఎస్తేరు నాలుగేండ్లు ఉండలా? నర్సు పిల్ల. నాకు జ్వరమొస్తే అదే కదా సూదేసింది. ఇస్తాం." కులం కాని పెళ్ళి? "ముందు తిడతాం. తరవాత ఒప్పుకుంటాం. ఏం సేసేది." ఫారంలో ఒప్పుకుంటాను, ఒప్పుకోను అనే గడులే ఉన్నాయి. ముందు తిట్టి తరువాత ఒప్పుకునేదానికి గడి లేదు. ఒప్పుకుంటాను దగ్గర టిక్కు పెట్టాను.

"అవతలి పార్టీవాళ్ళు ఏమంటారు?"

అమ్మ వసారా ఆ చివరకు చూపు విసిరింది. "వాళ్ళా? వాళ్ళకేం. సారా అంగడి గుడి ముందరైనా పెట్టమంటారు. వేరే మతమోళ్ళని గడప తొక్కనియ్యరు. రాసుకో."

తరువాత చిన్నమ్మ దగ్గరకు పోయాను. ఆమె ప్రతి ప్రశ్నకూ ఆగి, ఆలోచించి చెప్పింది. సారా అంగడి వద్దు. అద్దెకు ఇస్తాం. "ఎస్తేరు ఉన్నింది కదా లోకా, మన ఇంటి బిడ్డ మాదిరి." కులం కాని పెళ్ళి గురించి అడిగితే చేతిలో పూలు పక్కన పెట్టి నవ్వింది. "నాలుగు దినాలు ఏడుస్తాం. ఐదో దినం అన్నం పెడతాం."

"అవతలి వాళ్ళు?"

"వాళ్ళకు మనుషులంటే లెక్కలేదు. వాళ్ళోళ్ళు బాగుంటే సాలు."

లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఇది మీ అమ్మకు సూపియ్యొద్దు."

"చూపించను చిన్నమ్మా" అన్నాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. ఎనిమిదింటిలో ఏడు ఒకటే. తేడా వచ్చింది ఇంగ్లీషు మీడియం చదువు దగ్గర మాత్రమే. ఎదుటివాళ్ళ గురించి ఊహించింది మాత్రం ఇద్దరిదీ ఆ ఏడింటికి ఏడూ తప్పు. నాకు ఒళ్ళంతా ఒక తొందర పుట్టింది. ఏదో దొరికిందనిపించింది.

ఆ తొందరతోనే నెల రోజులు తిరిగాను. తిరుపతి సందుల్లో, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో, కాణిపాకం దగ్గర కొబ్బరికాయల అంగళ్ళలో. ప్రతి ఐదో ఇల్లు. చెప్పుల్లో కాళ్ళు ఉడికిపోయేవి. ఎక్కడ చూసినా ప్రచారం ఆటోలు, పాటలు. ఒక పాట చెవిలోంచి పోకముందే ఇంకో పాట వచ్చేది.

మనుషులు అరుగు మీద నలుగురి మధ్య ఉంటే ఒక రకంగా చెప్పేవారు. ఆ నలుగురూ లేచి వెళ్ళాక, "ఇందాక సెప్పింది కొట్టెయ్యి పాపా" అనేవారు. కాణిపాకంలో ఒకతను అవతలి పార్టీవాళ్ళు ఊరు నాశనమైపోవాలని కోరుకుంటారని గట్టిగా చెప్పాడు. అలాంటివాళ్ళు మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా అని ఫారంలో ఇంకో ప్రశ్న. కాసేపు ఆలోచించి, "మా బామ్మర్ది ఉండాడు" అన్నాడు. "ఆయన ఊరు నాశనమైపోవాలంటాడా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఫారంలో లేదు, అడగకూడదు. అతను కొబ్బరికాయ పీచు గీరుతూ, "వాడు కాదులే. వాడు మంచోడే. మిగతావాళ్ళు" అన్నాడు.

ఆ మాటే ఎన్నో ఇళ్ళల్లో విన్నాను. మాకు తెలిసినవాళ్ళు మంచోళ్ళే. మిగతావాళ్ళే.

పోలింగుకు వారం ముందు గిరిప్రసాద్ ట్యాబులో లెక్కలు చూస్తూ, "వీళ్ళు అనుకుంటున్నంత దూరంలో వీళ్ళు లేరు మేడం. కానీ దూరంలో ఉన్నామని మాత్రం గట్టిగా నమ్ముతున్నారు" అన్నాడు.

"ఆ సంగతి వాళ్ళకు చెబితే?"

"చెప్పడం మన పని కాదు." ట్యాబు మూసి అన్నాడు. "మా అన్న రెండేళ్ళుగా నాతో మాట్లాడడు. నేను ఈ లెక్కలన్నీ తెలిసినవాణ్ణే."

ఆయన ఎందుకలా అన్నాడో నేను అప్పుడు ఆలోచించలేదు.

పోలింగు రోజు మా బూత్ ప్రభుత్వ బడిలో పడింది. ఆడవాళ్ళ వరస గేటు దాటి రోడ్డు మీదకు వచ్చేసింది. అమ్మ ముందుగా పోయింది. మేం పోయేసరికి ఆమె నీడలో ఉంది. చిన్నమ్మ నలుగురి వెనక నిలబడింది. ఆమె వెనక నేను. గంట గడిచినా వరస పది అడుగులు కదల్లేదు. చిన్నమ్మ ఒక కాలి మీద బరువు మోపి, మళ్ళీ ఇంకో కాలికి మారుతోంది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. నొప్పి వచ్చినప్పుడు ఆమె అలాగే చేస్తుంది.

అమ్మ వెనక్కు తిరిగి చూడలేదు. కానీ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ పోలింగు డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చింది. వరస వెంట నడిచి చిన్నమ్మ దగ్గర ఆగింది. "కూర్చోండమ్మా. మీకు మోకాలు బాగాలేదని ముందు నిలబడిన ఆమె చెప్పింది."

చిన్నమ్మ కుర్చీని చూసింది. ముందున్న అమ్మ వీపును చూసింది.

"నాకేం. నిలబడగలను. ఇంకెవరికైనా ఇయ్యమ్మా" అంది.

"చిన్నమ్మా, కూర్చో" అన్నాను వెనక నుంచి.

"నువ్వు నోరు మూసుకో."

ఆ కుర్చీలో ఎవరో బాలింత కూర్చుంది. చిన్నమ్మ ఇంకా గంటన్నర నిలబడింది. ఓటేసి బయటికొచ్చేసరికి కాలు మడవలేకపోయింది. చిన్నాయన మోపెడ్ మీద ఎక్కించడానికి ఇద్దరం పట్టాల్సివచ్చింది. అమ్మ గేటు పక్కన నిలబడి అంతా చూసి, ఒక్కతే నడుచుకుంటూ ఇంటికి పోయింది.

నాకు వచ్చింది కోపమో, జాలో తెలియదు. ఇంట్లోకి పోయి పెట్టె అడుగునుంచి ఆ రెండు ఫారాలూ తీశాను. సాయంత్రం నలుగురూ వసారాలోనే ఉన్నారు. ఒక చివర అమ్మ, ఒక చివర చిన్నమ్మ కాలు చాపుకుని, మధ్యలో ఎవరి వైపూ కాకుండా నాయనా చిన్నాయనా. నేను నిలబడి చదివాను. ప్రశ్న, అమ్మ జవాబు, చిన్నమ్మ జవాబు. బడిలో పిల్లలకు చదివినట్టు గట్టిగా చదివాను. ఎస్తేరు సంగతి రెండుసార్లు చదివాను.

"చూశారా? ఏడు ఒకటే. మీరిద్దరూ ఒకటే మాట చెప్పారు. దేనికి ఇదంతా?"

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ముందు నోరు తెరిచింది అమ్మే. నాతోనే అంది, అటు చూడకుండా. "అన్నీ ఒకటేనంటావు. మరి ఆ జెండా ఎందుకు కట్టినట్టు? ఏదో దానికి ఒక ఆలోచన ఉండాది, అది వేరే అనుకుంటా ఉంటిని. ఏమీ లేదంట. నన్ను ఉడికించేదానికే అన్నమాట."

నేను అనుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు.

చిన్నమ్మ గొంతు పెంచలేదు. "సూపియ్యొద్దు అంటిని కదా లోకా."

"చిన్నమ్మా, నేను..."

"ఒక కడుపున పుట్టినోళ్ళం. మా ఇద్దరి మాటా ఒకటేనని నీ కాగితం సెప్పాల్నా? నాకు తెలీదా?" అంది. "మా అక్క ఊరందరి ముందరా నన్ను తిని మరిసేదన్నాది. నా బిడ్డ అత్తగారింట్లో తల దించుకున్నాది. దానికి నీ కాగితంలో గడి యాడుండాదో సూపియ్యి."

ఒక్కో కాగితంలో ఎనిమిది విషయాలు, పదహారు జవాబులు. నేను నిజంగానే కాగితం వైపు చూశాను. ఆ చూడడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు నుంచి చిన్నమ్మ నాతోనూ మాట్లాడలేదు.

ఫలితాలకు మూడు వారాలు గడువు. ఆ మూడు వారాలూ ఊరు ఊరంతా పొయ్యి మీద పెట్టిన పాలగిన్నెలా ఉండింది. టీ అంగట్లో పందేలు. ఫోన్లలో ఎవరికి తోచిన లెక్క వాళ్ళది. సర్వే పని అయిపోయింది. నాకు ఇంట్లో కాలు నిలవక, పని లేకపోయినా గుడి వీధి దాకా పోయి వచ్చేదాన్ని.

మధ్యలో కోమలి సీమంతం వచ్చిపడింది. మూఢం నడుస్తోంది. కానీ నెలలు నిండేది మూఢమని ఆగదు కదా, దీనికి పట్టింపు లేదని అయ్యవారు చెప్పారు. మా ఇంట్లో ఏ ఆడపిల్లకు పూలజడ వేయాలన్నా వేసేది అమ్మే. నా పెళ్ళికీ, కోమలి పెళ్ళికీ ఆమే కుట్టింది. వీధిలో వాళ్ళు కూడా బతిమాలి తీసుకుపోయేవారు. చిన్నమ్మ ఈసారి తిరుపతిలో ఒక అంగట్లో తయారు జడకు చెప్పేసింది. ఆ సంగతి చిన్నాయన నాయనకు చెబితే, నాయన అమ్మకు చెప్పాడు. అమ్మ విని, "మంచిది. నాకూ వేళ్ళు నొప్పులు" అంది.

ముందురోజు కోమలి వచ్చింది. ఇంట్లో ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో ఒక్క చూపులో చూసుకుంది. పొద్దున అట్టపెట్టెలో జడ వచ్చింది. అట్టముక్క మీద రంగు అద్దిన పూలు జిగురుతో అంటించి, మధ్యమధ్యలో మెరుపు కాగితం. కోమలి మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టింది. తలస్నానం చేసిన జుట్టు వీపు మీద వదులుగా ఉంది. పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని వసారా ఈ చివరకు నడిచి వచ్చి, అమ్మ ముందు నిదానంగా కూర్చుని, వీపు తిప్పింది.

"గట్టిగా లాగొద్దు పెద్దమ్మా. పోయినసారి రెండు దినాలు తలనొప్పి."

అమ్మ ఆ జుట్టు చేతిలోకి తీసుకుని తడి ఆరిందా అని చూసింది. తరువాత నన్ను పిలిచింది. "లోపల కుండ పక్కన తడిగుడ్డ ఉండాది. తే."

తడిగుడ్డ విప్పితే కనకాంబరాలు, మరువం, నానబెట్టిన అరటినార. రంగు రంగుగా ఏరి, కాడలు సమానంగా తుంచి పెట్టి ఉన్నాయి. అది ఒక గంటలో అయ్యే పని కాదు. ఎప్పుడు ఏరిందో మాలో ఎవరమూ చూడలేదు.

జడ సగానికి వచ్చేసరికి చిన్నమ్మ పీట తెచ్చుకుని మూడడుగుల దూరంలో వేసుకుంది. చూస్తూ ఉంది. అమ్మ చేతులు ఆగలేదు.

"కోమలీ, మల్లెలు మిగిలినాయేమో మీ అమ్మనడుగు."

"అమ్మా, మల్లెలంట."

"ఉండాయని సెప్పు" అంది చిన్నమ్మ.

"కట్టినవి కాదు, మొగ్గలని సెప్పు."

"మొగ్గలే. నాకు తెలీదా ఏంది, జడకు ఏమి కావాలో."

ఆ మాట ఎవరితో అన్నదో తెలియలేదు. కోమలి పొట్ట పట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆ పొద్దంతా అలాగే, మధ్యలో కోమలిని పెట్టుకుని పూల పేర్లు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. జడ అయిపోగానే అమ్మ చేతులు కడుక్కుని లోపలికి పోయింది. గాజులు తొడిగేటప్పుడు అందరితోపాటు వచ్చి అక్షింతలు వేసి, భోజనానికి ఉండకుండా మా గదిలోకి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర కోమలి అత్తగారు జడను చేత్తో తడిమి, "ఎవరల్లినారు?" అని అడిగింది.

"మా అక్క" అంది చిన్నమ్మ. తరువాత, "ఆ వీడియోలో మాట్లాడిందే, ఆమే" అంది.

అత్తగారు ఇంకొంచెం పులిహోర పెట్టమంది. చిన్నమ్మ అన్న ఆ మాట నేను విన్నాను. అమ్మకు చేరవెయ్యలేదు. అప్పటికి నాకు కాస్త బుద్ధి వచ్చింది.

ఫలితాల రోజు చిన్నమ్మ పార్టీ గెలిచింది. పదిన్నరకే తేలిపోయింది. అమ్మ టీవీ కట్టేసి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే లోపల పూలు కడుతూ కూర్చుంది. ఆ రోజు కట్టాల్సిన ఆర్డరేమీ లేదు. వీధిలో డప్పులు. మధ్యాహ్నం దాటాక పాతికమంది కుర్రాళ్ళు రంగులు పూసుకుని, ఓడిన వాళ్ళ ఇళ్ళ ముందు ఆగి ఆగి టపాకాయలు పేలుస్తూ వస్తున్నారు. మా తలుపు మీద స్టిక్కరు ఇంకా ఉంది. వీడియోలో అమ్మను చూడనివాళ్ళు ఆ వీధిలో లేరు. "పూలామె ఇల్లు ఇదే" అని ఎవరో అన్నారు.

తలుపు సందులోంచి నేను చూస్తున్నాను. చిన్నమ్మ తన వాకిట్లోంచి కుంటుకుంటూ వచ్చి మా గడప ముందు నిలబడింది.

"ఈడ కాదు. ఆ సందు మొగదలకు పోండప్పా."

"మన పార్టీయే కదా అవ్వా గెలిసింది" అన్నాడొకడు.

"గెలిసింది. నేనూ ఏసినాను ఓటు. పోండి."

"ఆమె ఏమన్నాదో మరిసిపోయినావా?"

"అన్నది నన్ను. మీకేమి నొప్పి?"

వాళ్ళు నవ్వారు. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె నిలబడి ఉండగానే, కొంచెం పక్కగా మా వాకిట్లో వెయ్యి టపాకాయల దండ పరిచి ముట్టించి పోయారు. అది ఆగేదాకా చిన్నమ్మ రెండు చెవులూ మూసుకుని అక్కడే నిలబడింది. పొగలో ఆమె మొహం కనబడలేదు.

లోపల అమ్మ ముందున్న దారం ముడులు పడిపోయింది. "దాని దయ నాకు అక్కర్లేదు" అంది. ఆ ముడులు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

నేను ఇప్పుడు మళ్ళీ బడికి పోతున్నాను. గిరిప్రసాద్ ఒకసారి ఫోను చేసి, మా జిల్లా లెక్కలు బాగా వచ్చాయన్నాడు. జనం ఎక్కువ విషయాల్లో ఒకే మాట మీద ఉన్నారని తేలిందట. నిజమే అయివుంటుంది, ఆ ఇళ్ళన్నీ తిరిగినదాన్ని. మీ అన్న మాట్లాడుతున్నాడా అని అడుగుదామనుకుని అడగలేదు. మనుషులు చీలిపోలేదని ఎవరైనా చెబితే కాదనను. కానీ నాకు ఎండలో చిన్నమ్మ వద్దన్న ఆ ప్లాస్టిక్ కుర్చీ కళ్ళ ముందు మెదులుతుంది.

మా ఇంట్లో ఎలా తేలిందో చెప్పి ఆపేస్తాను. ఫలితాల మరుసటి పొద్దున నేను లేచేసరికి వాకిలి ఎర్రగా ఉంది. అంతా టపాకాయల కాగితం. రాత్రి పడ్డ చినుకులకు తడిసి నేలకు అతుక్కుపోయింది. చిన్నమ్మ తన వాకిలి ఊడ్చుకుని, చీపురు ఆపకుండా రెండు వాకిళ్ళ మధ్య హద్దు దాటి మా వాకిట్లోకి వచ్చేసింది. మోకాలు వంగదు కాబట్టి నడుము మాత్రం వంచి ఊడుస్తోంది. అమ్మ బక్కెట్టులో పేడనీళ్ళు కలుపుకుని వచ్చి గడప మీద ఆగింది. ఊడ్చకుండా చల్లడానికి లేదు. వెళ్ళిపోవడానికీ లేదు. బక్కెట్టు కింద పెట్టలేదు. చెయ్యి మారుస్తూ నిలబడింది.

చిన్నమ్మ తలెత్తలేదు. ఇల్లు అలుకుకుంటూ పోయినట్టు ఒక్కో జానెడూ ఊడ్చుకుంటూ పోయింది. గోడ వారన కొంత కాగితం మిగిలిపోయింది.

మూడు నెలల తరువాత అమ్మ ఆమెతో అన్న మొదటి మాట ఇది.

"ఆ మూల ఇడిసిపెట్టినావు."

"నాకు కండ్లుండాయి" అంది చిన్నమ్మ. అని, ఆ మూలకు పోయింది.